పాపకి పేరు పెట్టిన రోజు ఆయన ఉన్న ఊరు

మా నాన్న శ్రీరామ్మూర్తికి పద్మనాభంలో రెండెకరాల వరి పొలం ఉంది. ఏటా కోతలయ్యాక శిస్తు కట్టే రోజున ఉతికిన పంచె కట్టి, భుజాన జరీ కండువా వేసుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు మునసబు గారింటికి వెళ్ళేవాడు. పంట పోయిన ఏడు కూడా అంతే. దారిలో ఎవరైనా ఎక్కడికని అడగాలని నెమ్మదిగా నడిచేవాడు. "శిస్తు కట్టడానికెల్తన్నాను" అని ఆగి మరీ చెప్పేవాడు.

అందుకే నాకు విశాఖపట్నం రేవు పక్కనున్న మల్కాపురం నుంచి సంబంధం వచ్చినప్పుడు, కట్నకానుకల మాట ఎత్తకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న విని అందరూ నవ్వారు.

"అబ్బాయి పన్ను ఎక్కడ కడతాడు?"

పెళ్ళికొడుకు నీలకంఠం. పై దేశాల ఓడల్లో ఇంజను రూములో ఫిట్టరు. తండ్రి లేడు. తల్లి జోగమ్మ, ఆవిడతో పెద్దమనిషిగా వాళ్ళ వీధిలోని దొరబాబు మావయ్య వచ్చారు. దొరబాబు మావయ్య ముప్ఫై ఏళ్ళు ఓడల్లో తిరిగి సారంగుగా రిటైరైన మనిషి. ఓడ మీద పనివాళ్ళందరికీ పెద్ద సారంగు. గొంతు అలాగే ఉండిపోయింది, పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అవతలి ఓడలో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

"పన్నేటి బావా? ఏడాదిలో సగానికి పైన దేశం బయటుంటే ఓడ జీతం మీద ఇక్కడ పన్ను లేదు. గవర్నమెంటే అలగ రాసింది. అదే కదా మా గొప్ప!"

"అయితే ఈ అబ్బాయి ఏ ఊరోడూ కాదన్నమాట" అన్నాడు నాన్న.

జోగమ్మ అత్త ముందుకు జరిగింది. "అన్నియ్యా, ఆడు పుట్టింది మల్కాపురం, ఆడి నాన్న పోయింది మల్కాపురం. ఏ ఊరోడో నానెరుగుదును" అంది.

అబ్బాయి నచ్చడంతో నాన్న ఒప్పుకున్నాడు. కానీ అల్లుడు ఏ ఊరోడూ కాదన్న మాట ఆయన మనసులో ఉండిపోయింది. మా ఊళ్ళో ఎవరైనా అల్లుడేం చేస్తాడని అడిగితే "నీళ్ళ మీద కాపరం" అని ఊరుకునేవాడు. అల్లుడికి మర్యాదలో లోటు చెయ్యలేదు. పండక్కి బట్టలు పెట్టేవాడు, కోడిని కోయించేవాడు. ఒక్క పద్మనాభం సంతలో మాత్రం అల్లుడి పక్కన నడిచేవాడు కాదు, నాలుగడుగులు ముందు నడిచేవాడు.

నేను పదో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాను. మల్కాపురం వచ్చాక మొదటి నెలలో నాకు కొత్తగా కనిపించినవి, ఆరేసిన బట్టల మీద రేవు నుంచి వచ్చి పడే ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము, రిఫైనరీ గొట్టం మీద ఎప్పుడూ ఆరని మంట, వీధిలో మగవాళ్ళు అందరూ ఒకేసారి కనబడకపోవడం. ఒకడు వస్తే ఒకడు వెళతాడు. వచ్చినవాళ్ళు ముందు దొరబాబు మావయ్య అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటారు. ఎవరు దేశంలో ఎన్నాళ్ళు ఉన్నారు, ఇంకెన్నాళ్ళు ఉండొచ్చు, అక్కడే తేలుతుంది. తెల్లకాగితాలు లేవు, పుస్తకాలు లేవు, అంతా ఆయన నోటిమీదే.

ఆయన రూలు ఒక్కటే. గట్టు తొక్కితే లెక్క. డెక్కు మీద ఉన్నంతసేపూ లెక్క లేదు. "ఓడ మీద ఎవుడి జెండా ఉంటే అది ఆడి దేశం. డెక్కు మీద నిలబడి మన కొండని సూసినా సరే, నువ్వు గ్రీసులో ఉన్నట్టే" అనేవాడు. వీధిలో ఆ మాటకి తిరుగు లేదు. కష్టపడి సంపాదించిన జీతం చెదరకుండా ఇంటికి రావాలని వాళ్ళ తాపత్రయం. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఇంజను రూములో ఉక్కపోతకి ఒంటిమీద చర్మం ఊడొచ్చిన మనుషులు వాళ్ళు.

ఎనభై మూడులో మా ఆయనకి ఓడ దొరకడం బాగా ఆలస్యమయింది. వేసవంతా ఇంట్లోనే ఉన్నారు. వానలు వెళ్ళాక ఓడెక్కేటప్పటికి దొరబాబు మావయ్య వేళ్ళు మడిచి చూసి పెదవి విరిచాడు. "ఒరే నీలకంఠం, నీ సగం దగ్గరికొచ్చీసింది. ఇంక ఈ మార్చి దాటేదాకా ఇటు తొంగి సూడకు. సూసినావో, ఏడాది జీతం అంతటి మీదా పన్ను పడతాది."

మేమప్పటికే పెందుర్తిలో చిన్న స్థలం కొన్నాం. పునాది లేచింది, గోడలు కూడా లేస్తున్నాయి. ఆ ఏడాది జీతంతో పైన శ్లాబు వెయ్యాలి. అత్త మల్కాపురం రేకుల కింద ముప్ఫై ఎండాకాలాలు గడిపింది. శ్లాబు వేశాక దాని కింద చాప పరుచుకుని మధ్యాహ్నం పడుకోవడమే ఆవిడ కోరిక. ఆ కోరిక ఆవిడ ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. నాకప్పుడు ఆరో నెల.

డిసెంబరులో పాప పుట్టింది. జనవరి నెలాఖరున, ఓడలకి కూరగాయలూ గుడ్లూ సరఫరా చేసే జాన్‌బాబు మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు.

"జోగమ్మత్తా, మీవోడి ఓడ మనూరే వచ్చీసింది! ఖనిజం లోడుకి. రేవులో బెర్తు ఖాళీ లేదు, ఓడల వరస పెద్దగున్నాది. బయట లంగరేసినారు."

అత్త చేతిలో చేట కింద పడింది. బియ్యం అంతా గచ్చు మీద పరుచుకుంది. "ఎప్పుడొత్తాడు?"

జాన్‌బాబు తల గోక్కున్నాడు. "రాడట. గట్టు తొక్కితే లెక్కలోకొచ్చేత్తానని సెప్పమన్నాడు. మీకు శ్లాబు ముక్యం అట గదా."

అత్త కింద కూర్చుని బియ్యం ఎత్తడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. 

వారం పోయాక పాపనెత్తుకుని, పాతపోస్టాఫీసు బస్సెక్కి, సముద్రం ఒడ్డుకి వెళ్ళాను. నీటి అంచున ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. పొగగొట్టం మీద పచ్చపట్టీ ఉన్నది మనదని జాన్‌బాబు గుర్తు చెప్పాడు. దూరం నుంచి చూస్తే అది మా ఇంట్లో సబ్బు పెట్టె అంత ఉంది. డెక్కు మీద మనుషులు కనబడలేదు. అయినా పాప ముఖం అటు తిప్పి కాసేపు నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. అంత పెద్ద ఓడని నడిపే మంట దగ్గర నిలబడేది మా ఆయన అనుకుంటే ఒక రకంగా గర్వంగానే అనిపించింది. కానీ పాపకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రోజులు గడిచాయి, వరస కదల్లేదు. మూడో నెలలో పాపకి పేరు పెట్టాలి. ముహూర్తం చూసి కబురు పంపితే నాన్న పద్మనాభం నుంచి తెల్లవారి బస్సుకే వచ్చాడు. కొత్త బట్టలు, వెండి మొలతాడు, అమ్మ వండిన అరిసెలు తెచ్చాడు. పళ్ళెంలో బియ్యం పోసి పెట్టాం. మా వైపు తండ్రి ఆ బియ్యంలో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి.

"తండ్రి ఊళ్ళో లేడు కాబట్టి తాత చెప్పొచ్చు. నాను సెప్పేత్తాను" అని నాన్న పళ్ళెం ముందు కూర్చోబోయాడు.

"ఊళ్ళో లేడేటి అన్నియ్యా? ఉన్నాడు" అంది అత్త.

"ఏడమ్మా? సూపించు!"

"ఓడ మీద ఉన్నాడు. ఓడ మన నీళ్ళల్లో ఉన్నాది. వత్తావా సూపిత్తాను?"

నాన్నకి కోపం వచ్చింది. "సెల్లమ్మా, ఊళ్ళో ఉన్న తండ్రి పేరెట్టడానికి ఇంటికొత్తాడు. పన్ను తప్పించుకోడానికి లేడంటాడు, పేరెట్టడానికి ఉన్నాడంటావు. ఏదో ఒకటి సెప్పండి!"

వీధి గుమ్మంలో ఉన్న దొరబాబు మావయ్య "ఆడు గ్రీసులో ఉన్నాడు" అని అరిచాడు.

"నువ్వూరుకో తమ్ముడూ" అంది అత్త. పాపని నా ఒళ్ళోంచి తీసుకుని, పళ్ళెంలో బియ్యం కొంగున మూటకట్టింది. "గౌరీ, లెగు. జాన్‌బాబు లాంచీ పది గంటలకి కూరగాయలు తీసుకెల్తాది. నిన్ననే అడిగినాను. పోర్టు పాసులు రాయించినాడు."

నాన్న రాలేదు. "నీళ్ళ మీదకి నాను రాను" అని అరుగు మీద కూర్చున్నాడు. మేం వెళుతుంటే మాత్రం పాప తలకి ఎండ తగలకుండా తన కండువా తీసి ఇచ్చాడు.

లాంచీ నిండా క్యాబేజీలూ ఉల్లిపాయల బస్తాలూ. నేను బంగాళాదుంపల మీద కూర్చున్నాను. ఓడలొచ్చే కాలవ మలుపులో కొండల మీద గుడి, చర్చి, దర్గా వరసగా కనబడతాయి. అత్త మూడింటికీ దండం పెట్టింది. "ఏ దేవుడు కాళీగున్నాడో" అంది. జాన్‌బాబు నవ్వాడు. కాలవ దాటి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి వెళ్ళేసరికి నీళ్ళు ఊగడం మొదలైంది. నేను పాపని గుండెలకి గట్టిగా అదుముకున్నాను. అత్త బస్తా మీద చేత్తో కొట్టి "నెమ్మదిరా జాన్‌బాబూ! క్యాబేజీలు కాదు, మనిషున్నాది" అని కసిరింది.

దగ్గరికి వెళ్ళాక అది సబ్బు పెట్టె కాదని తెలిసింది. తల వెనక్కి వాల్చి చూస్తే గాని పైభాగం కనబడదు. తుప్పు మరకలున్న నల్లటి గోడ, మేడలాగ. గోడకి ఒక తాడు నిచ్చెన వేలాడుతోంది. పైన కమ్మీల మీదికి తలలు వంగాయి. వాటిలో ఒకటి మా ఆయనది. నూనె మరకల డాంగ్రీ వేసుకుని ఉన్నారు. నన్ను చూశారు, తరువాత నా చేతుల్లో ఉన్నదాన్ని చూశారు. 

"దిగిరా రా! లాంచీలోకి దిగు, గట్టు కాదు కదా!" అని అత్త అరిచింది.

ఆయన నిచ్చెన మీద చెయ్యి వేశారు. ఒక కాలు కమ్మీ దాటించారు కూడా. అక్కడే ఆగిపోయారు. "లాంచీ మన పోర్టుదమ్మా! దొరబాబు మావ లాంచీ కూడా లెక్కే అన్నాడు."

"ఆడి లెక్క తగలెయ్యా!"

"శ్లాబమ్మా!"

అత్త బస్తా మీద కూలబడింది. నిచ్చెన గాలికి ఊగుతూ ఓడ గోడకి తగిలి టకటక కొట్టుకుంటోంది. అప్పుడు నేను నాన్న కండువా తీసి పాప ముఖం పైకి చూపించాను. "పేరు చెప్పండి" అన్నాను. నా గొంతు అంత దూరం వెళుతుందని నాకే తెలీదు.

చెవిలో రహస్యంగా చెప్పాల్సిన పేరుని ఆయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు. "పద్మావతీ!"

మా ఊరి పేరు కలిసేలా పెట్టారని నాకు ఒక క్షణం తరువాత అర్థమయింది.

రెండోసారి అరిచారు. మూడోసారి ఆయన పక్కనున్న తెల్లవాళ్ళూ, నల్లవాళ్ళూ, ఎవరో వంటమనిషి టోపీ పెట్టుకున్నవాడూ, అందరూ కలిసి అరిచారు. వాళ్ళ నోళ్ళలో పేరు వంకరపోయింది గానీ అరుపు మాత్రం పెద్దది. పాప ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. పైనుంచి మా ఆయన "వినబడింది! ఏడుపు వినబడింది!" అని అరుస్తున్నారు. అత్త మూట విప్పి లాంచీ అంచున బియ్యం పరిచి, వేలితో పేరు రాయబోయింది. ఆవిడకి చదువు రాదు. ఒక సున్న చుట్టి "ఇదే పద్మావతి" అంది. అల కొట్టి బియ్యం సముద్రంలో పడిపోయింది.

కూరగాయల బుట్టలు తాళ్ళతో పైకి లాగుతున్నంతసేపూ లాంచీ ఓడని ఆనుకునే ఉంది. చివరి బుట్ట దిగేటప్పుడు దానిలో ఒక డబ్బా పాలపొడి, పాపకి పెద్దదయ్యే ఎర్రటి గౌను ఉన్నాయి.

ఇంటికొచ్చాక నాన్న పేరు విన్నాడు. "పద్మావతి" అని ఒకసారి తనలో తను అనుకున్నాడు. ముఖం మెత్తబడింది. అయినా బస్సెక్కేముందు "పేరు మంచిదే. ఊళ్ళో లేని తండ్రి పెట్టిన పేరు" అన్నాడు. నాకా మాట చాలాకాలం గుచ్చుకుంది.

మరుసటి ఏడు మా ఆయన సెలవు మీద ఇంట్లో ఉండగా ఇన్‌కంటాక్సు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పెందుర్తిలో ఇల్లు కడుతున్న డబ్బు ఎక్కడిది, ఆ ఎనభై మూడులో ఎక్కిన ఓడ జీతం ఎంత, దానిమీద పన్ను ఎందుకు కట్టలేదు అని. వీధిలో అందరూ ధైర్యం చెప్పారు. డాబాగార్డెన్స్‌లో ఆడిటరు గంగాధరరావు గారి దగ్గరికి మేమిద్దరం పాపతో వెళ్ళాం. దొరబాబు మావయ్య పిలవకుండానే వచ్చాడు.

ఆడిటరు గారు పాస్‌పోర్టు, ఓడ సర్టిఫికెట్లు చూసి, మధ్యలో ఆపి, అన్నీ చెప్పమన్నారు. మా ఆయన లంగరు వేసిన రోజుల సంగతి కూడా దాచకుండా చెప్పారు. గంగాధరరావు గారు కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు.

"ఆ వారాలన్నీ మీరు ఇండియాలోనే ఉన్నట్టు లెక్కండి. అవి కలిపితే సగం ఏడాది దాటిపోయింది, పన్ను పడుతుంది."

"గట్టు తొక్కలేదండి!" అన్నాడు దొరబాబు మావయ్య.

"తొక్కక్కర్లేదు. తీరం నుంచి సముద్రంలో కొంత దూరం వరకూ దేశమే."

"మరి జెండా?"

"జెండా ఎవరిదైనా నీళ్ళు మనవి కదండీ."

"నీళ్ళు కూడానా..." అని దొరబాబు మావయ్య గొణిగాడు. ఆయన గొంతు తగ్గడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నిచ్చెన మీద ఆగిపోయిన ఆ కాలు నాకు గుర్తొచ్చింది. దిగినా దిగకపోయినా ఒకటే అయిన చోట ఆగిపోయిన కాలు. మా ఆయన కూడా అదే అనుకున్నట్టున్నారు. నా వైపు చూడలేదు.

ఆడిటరు గారు మంచి మనిషే. మా ముఖాలు చూసి గొంతు తగ్గించారు. "ఒక దారి ఉంది. కొన్ని ఓడలు హద్దు లోపలికి రాకుండా అవతలే ఆగుతాయి. మీ ఓడ కూడా అవతలే ఆగిందని మీరు రాసిస్తే, ఏడాది క్రితం ఓడ ఎక్కడ ఆగిందో ఎవరు తవ్వుతారు? ఆలోచించుకు రండి. విచారణ సోమవారం."

ఇంటికొచ్చాక అరుగు మీద సభ తీరింది.

"రాసీరా నీలకంఠం! అవతలే ఉన్నాది. ఎవుడు సూశాడు?" అన్నాడు దొరబాబు మావయ్య. తన రూలు తప్పినందుకు మనిషి బాగా నలిగిపోయాడు. ఎలాగైనా సరిచెయ్యాలని ఉంది.

"ఎవుడు సూశాడేటి? నాను సూశాను" అంది అత్త. వెంటనే గోడకి ఆనుకుని, "నాను ఆపీసరుకి సెప్పనులే" అని కూడా అంది. ఆవిడ కళ్ళ ముందు శ్లాబు కనబడుతోంది పాపం.

మా ఆయన ఓడ సర్టిఫికెట్లు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పుతున్నారు. పన్ను కడితే శ్లాబు ఉండదు. రాసిస్తే శ్లాబు ఉంటుంది, కానీ పాపకి పేరు పెట్టిన రోజున తను ఈ ఊళ్ళో లేనని తన చేత్తో సంతకం పెట్టాలి. అంతే తేడా. పాప అప్పటికి నడుస్తోంది. ఆ ఎర్రగౌను ఇప్పుడు సరిపోయింది. గడప దాటి ఆయన మోకాలు పట్టుకుని నిలబడింది.

"నువ్వేమంటావు గౌరీ?" అన్నారు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. వీధిలో వాళ్ళు ఏళ్ళ తరబడి నా గొంతు వినలేదంటారు. కానీ ఆ మాట నా దగ్గర ఏడాదిగా సిద్ధంగా ఉంది.

"ఆ రోజు మా నాన్నతో అత్త మీరు ఊళ్ళోనే ఉన్నారని చెప్పింది. నేనూ అదే నమ్మి నీళ్ళ మీదికి వచ్చాను. అత్త చెప్పింది నిజమా, కాదా? అది తేల్చి రాయండి."

 అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒలమ్మ, నాకు రేకుల కింద అలవాటే" అంది.

సోమవారం ఆఫీసులో మా ఆయన, ఆడిటరు గారు ఆఫీసరు ఎదురుగా కూర్చున్నారు. పాపతో నేను తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆఫీసరు గారు నడివయసు మనిషి. దగ్గుతూ మందుబిళ్ళ చప్పరిస్తున్నారు. అవీ ఇవీ అడిగి చివరికి ఆ ఫిబ్రవరి దగ్గరికి వచ్చారు.

"ఈ వారాల్లో ఓడ ఎక్కడుందండీ?"

ఆడిటరు గారు మా ఆయన ముఖంలోకి చూశారు.

"విశాఖపట్నంలోనే ఉందండి. లంగరేసి" అన్నారు మా ఆయన.

"హద్దు లోపలేనా? చాలా ఓడలు దూరంగా ఆగుతాయి. మీరెలా చెప్పగలరు?"

"మా ఆవిడ కూరగాయల లాంచీలో వచ్చిందండి. నెలల పిల్లని తెచ్చింది. పేరు పెట్టడానికి. ఒడ్డు మీద కొండ కనబడతానే ఉందండి. ఆ రోజు నాను..." అని ఆగి, సర్దుకుని, "నేను ఇక్కడే ఉన్నానండి" అన్నారు.

ఆఫీసరు గారు రాయడం ఆపారు. తలుపు పక్కకి చూశారు. "ఈ పాపేనా?"

"అవునండి."

"ఏం పేరు?"

నేను చెప్పబోయాను. మా ఆయన నాకంటే ముందే చెప్పారు. ఓడ మీద నుంచి అరిచినంత గట్టిగా చెప్పారు. పక్క గదిలో టైపు మిషను ఆగిపోయింది. ఆఫీసరు గారు నవ్వి, దగ్గి, మళ్ళీ పెన్ను తీసుకున్నారు. "అయితే ఆ ఏడాది మీరు ఇక్కడి నివాసే. పన్ను కట్టాలి. వాయిదాల్లో కట్టుకోండి, జరిమానా ఎంత తగ్గించగలనో చూస్తాను" అన్నారు.

బయటికొచ్చాక ఆడిటరు గారు మెట్ల మీద ఆగారు. "నా ఫీజు సగం చాలండి" అన్నారు. 

నేను పద్మనాభానికి కార్డు ముక్క రాశాను. మొదటి వాయిదా ఏ రోజున బ్యాంకులో కడుతున్నామో రాశాను, అంతే.

ఆ రోజు పొద్దున్నే నాన్న మా గుమ్మంలో ఉన్నాడు. ఉతికిన పంచె. జరీ కండువా. గడ్డం గీయించుకుని, చెప్పులకి నూనె రాసి మరీ వచ్చాడు.

"ఏటి మావా, ఇంత పొద్దున్నే?" అన్నారు మా ఆయన.

"మొదటిసారి కడతన్నావు. ఒక్కడివీ ఎలగెల్తావు? ఉతికిన సొక్కా ఏసుకో."

బ్యాంకులో వరస పెద్దదే. నాన్న అల్లుడి పక్కనే, భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. నేను పాపతో బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. ముందున్నాయన విసుక్కుంటూ వెనక్కి తిరిగి "ఏం కట్టడానికండీ ఇంతమంది?" అన్నాడు.

నాన్న దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"పన్నండి. మా అల్లుడు. ఈ ఊరోడే."

ఎనభై ఆరులో పెందుర్తి ఇంట్లో పాలు పొంగించాం. పైన రేకులే. వచ్చిన చుట్టాలు తలెత్తి చూసి "శ్లాబేదే జోగమ్మా?" అని అడిగితే అత్త చాప పరుచుకుని కూర్చుని, ఒక్కొక్కళ్ళకీ అదే జవాబు చెప్పింది.

"గవర్నమెంటుకి కట్టీసినాం. మనవరాలికి పేరెట్టిన రోజు నా కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు మరి."

మా ఆయన ఆ మరుసటి నెలలో మళ్ళీ ఓడెక్కారు. ఆ ఓడ కూడా ఒకసారి మన ఊరికి వచ్చి బయట లంగరేసింది. ఈసారి జాన్‌బాబు కబురు తేలేదు. ఓడ నుంచి తిరిగొచ్చిన అతని మొదటి లాంచీలోనే, ఉల్లిపాయల ఖాళీ బస్తాల మీద కూర్చుని, ఆయనే వచ్చారు.